గొర్రెకు గుర్రం కొలత

"ఈ రక్తం పనికిరాదండీ."

ఆ మాట అనేశాక గానీ ల్యాబ్ అమ్మాయి ఎదుటి మనిషి ముఖం చూడలేదు. వానలో తడిసి ముద్దయిన మోటారు మెకానిక్. చొక్కా జేబులోంచి అతను తీసి బల్ల మీద పెట్టిన ఆరు గొట్టాల చుట్టూ నీళ్లు మడుగు కడుతున్నాయి.

"పనికిరాకపోవడమేంటి మేడమ్? పొద్దున్నే పశువుల డాక్టరుగారు మా గొర్రెల నుంచి తీసిందే!"

"ఆయన బాగానే తీశారు. మీరే బైక్ మీద చిలికి తెచ్చారు." ఒక గొట్టాన్ని వెలుతురుకెత్తి చూపించింది. పైన తేటగా ఉండాల్సిన సీరం గులాబీ రంగులో ఉంది. "కణాలు పగిలిపోయాయి. ఇందులో ఎంజైమ్ కొలిస్తే మెషిన్ నోటికొచ్చింది చెబుతుంది."

"రెండు గొర్రెలు చచ్చిపోయాయి. మీకు రంగు ముఖ్యమా?"

"మిగతావి బతకాలంటే రంగే ముఖ్యం."

అతను విసవిసా వెళ్లిపోయాడు. ఇక రాడనుకుంది. మధ్యాహ్నానికి మళ్లీ వచ్చాడు, కొత్తగా తీయించిన రక్తం ఉన్న ఐసు డబ్బాను పసిబిడ్డను మోసినట్టు రెండు చేతులా పట్టుకుని.

"బైక్ ఏదీ?"

"కుదపొద్దన్నారుగా. నడిచొచ్చా."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ వెంటనే జాలేసింది. తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

తల తుడుచుకుంటూ సంగతంతా చెప్పాడతను. గొర్రెలు తనను పెంచిన నాయనమ్మవి. పక్క చేను పెద్దాయన పురుగుమందు కొట్టిన మర్నాడే రెండు పోయాయి. ముప్పై ఏళ్లుగా ఆయన్ని "తమ్ముడూ" అని నోరారా పిలిచిన నాయనమ్మ, ఇప్పుడు ఆ వైపు కిటికీ కూడా తీయడం లేదు.

అలాంటి పురుగుమందు ఒంట్లోకి పోతే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ పని పడిపోతుంది. ఆమె అదే కొలిచింది. అంకె చాలా తక్కువగా వచ్చింది.

"చూశారా! ఇప్పుడే వెళ్లి ఆయన్ని కడిగేస్తా."

"ఆగండి. గోడ మీదున్న ఈ పట్టిక గుర్రాలది. ఇక్కడికి ఎక్కువగా వచ్చేవి అవే. గొర్రెలకు ఎంత ఉండాలో ఇందులో లేదు. ఆరోగ్యంగా ఉన్న గొర్రెల్లో కూడా కొలిచి చూడాలి."

"ఆయన మీకు చుట్టమా?"

ఆ మాట ఆమెకు చురుక్కుమంది. "నాకు చుట్టాలు ఈ గొట్టాలే. రేపటి దాకా ఆగండి."

అతను ఆగలేదు.

మర్నాడు ఆమెకు సెలవు. అయినా డాక్టరుగారి వెంట పడి ఊరవతల మందలన్నీ తిరిగింది. ఆవులు, మేకలు, గొర్రెలు, గుర్రాలు... దేన్నీ వదల్లేదు. ఒక మేక ఆమె దుపట్టా కొంగు నమిలేసింది కూడా. సాయంత్రానికి అంకెలన్నీ వరసగా రాసింది. గుర్రాలది ఎక్కడో ఆకాశంలో ఉంది. ఆవులది బాగా కింద. రోగం రొష్టు లేని గొర్రెలది సరిగ్గా నాయనమ్మ గొర్రెలకు వచ్చినంతే!

కబురందుకుని వచ్చిన మెకానిక్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"అంటే లారీ టైరు గాలి లెక్క పెట్టుకుని, సైకిల్ ట్యూబు పంక్చరైందని అరిచానన్నమాట."

"అన్నమాటే."

కుర్చీలో కూలబడ్డాడు. "నిన్న ఆయన్ని నానా మాటలూ అన్నాను. మిమ్మల్నీ అన్నాను."

దెప్పుదామని దాచుకున్న మాటలు ఆమె పక్కన పెట్టేసింది. మెల్లగా అంది: "లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైమ్ మాత్రం మీ గొర్రెల్లోనే ఎక్కువుంది. దాణా ఎక్కడ పెడతారు?"

దాణా గది కప్పు కారుతోందని అప్పుడు గుర్తొచ్చిందతనికి. వెళ్లి చూస్తే అడుగు బస్తాలు పచ్చగా బూజు పట్టి ఉన్నాయి. గొర్రెల లివర్‌ను దెబ్బతీసింది ఆ బూజు విషమే. డాక్టరుగారు వాటిని పారబోయించి మందిచ్చారు. ఆ తర్వాత ఒక్క గొర్రె కూడా పోలేదు.

"పెద్దాయన దగ్గరికి ఒక్కణ్ణే వెళ్లలేను. తోడు వస్తారా?" అని అడిగాడు మెకానిక్. వెళ్లింది. అతను చేతులు కట్టుకుని చెప్పిందంతా విని పెద్దాయన ఒకటే అడిగాడు:

"మా అక్కకి చెప్పావా?"

"చెప్పాను తాతా. ఏడుస్తోంది."

"ముందే చెప్పవేం రా?" అంటూ ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరాడు.

మూడు వారాల తర్వాత ఆఖరి పరీక్షకు ఆమె మంద దగ్గరికే వచ్చింది. నాయనమ్మ, పెద్దాయన అరుగు మీద కూర్చుని ఎప్పటి సంగతో వాదించుకుంటున్నారు. సన్నగా తుంపర పడుతోంది. మెకానిక్ గొర్రెను పొదివి పట్టుకున్నాడు.

"మిమ్మల్ని మేడమ్ అనడం మానేద్దామనుకుంటున్నా."

"మానేసి?"

"ఏమని పిలవాలో మీరే చెప్పాలి."

"సూది గుచ్చేటప్పుడు ఇలాంటివి అడక్కండి. చెయ్యి వణుకుతుంది."

"వణికిందా?"

"...కొంచెం."

అరుగు మీంచి నాయనమ్మ కేకేసింది. "ఒరేయ్, దాన్ని వదలరా! ఊపిరాడక చచ్చేలా ఉంది. అడగాల్సింది అడుగు."

"అక్కా, పిల్లను కంగారు పెట్టకు," అన్నాడు పెద్దాయన.

ఆమె తల వంచుకునే సూది తీసి, గొట్టానికి మూత పెట్టింది.

"కంగారేం లేదు తాతగారూ. ఆదివారం మా అమ్మానాన్నా ఇంట్లోనే ఉంటారు. మీరిద్దరూ ఈయన్ని వెంటబెట్టుకుని రండి."

మెకానిక్ చేతులు పట్టు వదిలేశాయి. గొర్రె ఒక్క దూకు దూకి మందలో కలిసిపోయింది.