తలెత్తని డాక్టరు

"ఎనిమిదింటికల్లా తయారవ్వు. మొదటి చీటీ నీ పేరునే రాసి పెట్టాను," అంది తల్లి, భర్త టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

పిచ్చుక స్కార్ఫు గడ్డం మీదికి లాక్కుంది. చిన్నప్పుడు బక్కపలచగా ఉండేదని తండ్రి పెట్టిన పేరది. ఇరవై మూడేళ్ళకి, రెండేళ్ళలో పద్నాలుగు కిలోలు పెరిగాక, ఆ పేరు వింటేనే ఒళ్ళు మండుతోంది. నెలసరి మూడు నెలలకోసారి, ఒక్కోసారి అయిదు నెలలకి. స్కానింగులో పీసీఓఎస్ అనే హార్మోన్ల జబ్బని తేలింది. అప్పటినుంచీ ఒకే డాక్టరు. ఆయన క్లినిక్‌లో తల్లి పద్దెనిమిదేళ్ళుగా చీటీలు రాస్తోంది. ఆయన మాట ఆమెకి వేదవాక్కు.

"నేను రాను. పదింటికి వేరే డాక్టరమ్మ దగ్గర టైం తీసుకున్నాను."

మూత జారి కిందపడింది. "నన్నడక్కుండానా? ఆయనకి తెలిస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలే?"

"నీ ముఖం సంగతి సరే, నా ముఖం ఎప్పుడైనా చూశావా?"

"ఏం మాటలే అవి!"

"ఏడుసార్లు వెళ్ళాను. ఒక్కసారి తలెత్తాడా మీ డాక్టరు? నేను నోరు తెరిచేలోపే మందుల చీటీ చేతిలో పెడతాడు. నోరు కట్టుకో, పెళ్ళి చేసుకో, అన్నీ సర్దుకుంటాయంటాడు. పెళ్ళేమన్నా మాత్రా, పూటకొకటి మింగడానికి? నువ్వేమో పక్కన నిలబడి గంగిరెద్దులా తలూపుతావు!"

"నోర్ముయ్! ఆ ఉద్యోగంతోనే నిన్ను చదివించాను."

"చదివించావు. అందుకని నా ఒంటిని ఆయనకి రాసిచ్చేస్తావా?"

బస్సు డ్రైవరైన తండ్రి చెప్పులు తొడుక్కుంటూ, "ఇద్దరూ కాస్త బ్రేకు వెయ్యండర్రా..." అన్నాడు.

"మీరు ఆగండి!" "నువ్వు ఆగు నాన్నా!" ఇద్దరూ ఒక్కసారే కసిరారు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

పిచ్చుక గడ్డం దాకా చుట్టుకున్న స్కార్ఫు లాగి పారేసింది. చుబుకం కింద ఎర్రటి గాట్లు, వాటి మధ్య నల్లగా మొలుస్తున్న వెంట్రుకలు.

"రోజూ పొద్దున్నే నాన్న రేజరుతో గీసుకుంటున్నానమ్మా. బడిలో పిల్లలు అడిగారు, 'టీచర్, మీకూ గడ్డం వస్తుందా?' అని. ఆ మాటే ఆయనకి చెప్పబోయాను. 'తర్వాతి వాళ్ళని పంపండి' అన్నాడు. పంపింది నువ్వేగా!"

తల్లి స్టూలు మీద కూలబడింది. డాక్టరు గదిలోంచి కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చిన ఆడపిల్లలు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. 'పెద్దాయన, అనుభవం ఉన్నవాడు' అని ఎంతమందికి నచ్చజెప్పిందో! ఆమె కోపం తగ్గలేదు. కానీ అది కూతురి మీద కాదిప్పుడు.

"పద. నేనూ వస్తాను," అంది.

కొత్త డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని, "మొదట్నుంచీ చెప్పు, తొందరేం లేదు," అంది. పిచ్చుక చెప్పింది. అరగంట పట్టింది. ఆవిడ మధ్యలో అడ్డురాలేదు. గాట్లు దగ్గరగా చూసింది. థైరాయిడ్, షుగర్ పరీక్షలు రాసింది.

"ఇది నీ తప్పు కాదమ్మా. పెళ్ళితో తగ్గే జబ్బూ కాదు. పూర్తిగా పోతుందని అబద్ధం చెప్పను. అదుపులో పెట్టుకోవచ్చు, ఈ వెంట్రుకలకీ దారి ఉంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

పిచ్చుక లేదనబోయింది.

"నాకూ ఉండేదేమో," అంది తల్లి. "ఆర్నెల్లకోసారి వచ్చేదండీ. పెళ్ళయిన ఏడేళ్ళకి ఇది పుట్టింది. అందాకా గొడ్రాలన్నారు. ఆ జబ్బుకో పేరుందని నాకెవరూ చెప్పలేదు." తల్లి నోట ఆ మాట పిచ్చుక ఎన్నడూ వినలేదు. బల్ల కింద ఆమె చేయి పట్టుకుంది.

బయటికి రాగానే తల్లి ఫోను మోగింది. క్లినిక్ నుంచి ఆ డాక్టరే.

"ఇవాళ రానండీ. మా అమ్మాయిని డాక్టరుకి చూపించడానికి తీసుకొచ్చాను."

"అదేమిటమ్మా, నేను చూస్తున్నాను కదా?"

"లేదండీ," అంది తల్లి. "మీరు చూడలేదు. నేనూ చూడలేదు."

ఫోను పెట్టేసి, నడిరోడ్డు మీదే కూతురి గడ్డం పట్టుకుని ఏడ్చేసింది.