గుర్తు పెట్టని గూడు

తెల్లవారేసరికి భీమశంకరం టోపీ పెట్టుకుని గుమ్మంలో తయారుగా ఉన్నారు. ఫ్లోరిడాలో కూతురు రష్మి దగ్గర స్థిరపడ్డాక, ఆరేళ్లుగా ప్రతి శుక్రవారం ఆయన బీచ్‌లో తాబేళ్ల గూళ్లు వెతికే వాలంటీరు. తల్లి తాబేలు ఒడ్డుకు పాకి గుడ్లు పెట్టి పోతే, ఇసుకలో ట్రాక్టరు చక్రం దొర్లినట్టు జాడ పడుతుంది. అది చూసి ఫోన్ చేస్తే సంస్థవాళ్లు వచ్చి, చుట్టూ కర్రలు పాతి రిబ్బను కడతారు.

ఏడాదిగా భార్య ఉమామహేశ్వరి కూడా వెంట వెళుతోంది. మోకాళ్లకు మంచిదని అందరికీ చెప్పింది. అసలు సంగతి వేరు. ఎన్ని గూళ్లు చూశారో కారెక్కేలోపే ఆయన మరిచిపోతున్నారు. సంస్థకు పంపే లెక్కలో ఆయన తప్పుగా రాసినవి ఆమె చాటుగా దిద్దేది.

ఆ ఉదయం బీచ్‌లో నలుగురు వాలంటీర్లు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. ముందురోజు ఎవరో పాతిన టెంటు కర్ర, గుర్తు పెట్టని గూట్లోకి దిగింది. పగిలిన గుడ్లలో పిల్లలు దాదాపు తయారై ఉన్నాయి. వాటికి చీమలు పట్టాయి.

“ఆరు వారాల గూడు. గుడ్లు పెట్టిన రోజు ఈ వైపు జాడలేవీ లేవని రాశారు” అంది లీడరు, ఫోన్ చూస్తూ. ఉమామహేశ్వరికి గుర్తొచ్చింది. తనకు జ్వరమొచ్చి, ఆయన ఒక్కరే వెళ్లిన శుక్రవారం అది.

ఇంటికి వచ్చేసరికే, ఆ రోజు రాసింది ఆయనేనని, ఈమధ్య మరుపు కనిపిస్తోందని లీడరు రష్మికి ఫోన్ చేసి చెప్పేసింది.

“నాన్న మర్చిపోతున్నారని నీకెప్పట్నుంచి తెలుసమ్మా?”

“ఏడాది అవుతోంది.”

“ఏడాదా! అప్పుడే డాక్టర్‌కి చూపిస్తే ట్రీట్‌మెంట్ స్టార్ట్ చేసేవాళ్లం కదా! ఎందుకు దాచావ్?”

“నలుగురిలో చులకనైపోతారని...”

అంతలో భీమశంకరం లోపలికొచ్చారు. ముఖం ఎర్రబడి ఉంది. “ఎవడో కళ్లు మూసుకుని నడిచాడు. అలాంటివాణ్ని తీసెయ్యాలి!”

ఆ తప్పు తన మీద వేసుకుందామని ఉమామహేశ్వరి నోరు తెరిచింది. కూతురి కళ్లలో నీళ్లు చూసి ఆగిపోయింది.

“మీరేనండీ. నాకు జ్వరమొచ్చిన శుక్రవారం.”

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

“జాడ కనిపించింది ఉమా” అన్నారు. “దాని పక్కనే నిలబడ్డాను. అదేమిటో ఎంతకీ గుర్తు రాలేదు. ఎవరినైనా అడగడానికి సిగ్గేసి, ఏమీ లేదని రాసేశాను.”

“నన్నడగొచ్చుగా!”

“నువ్వు నా తప్పులు దిద్దుతున్నావని తెలుసు. నాకు తెలిసిందంటే బాధపడతావని తెలియనట్టే ఉన్నాను.”

ఆయన పరువు కాపాడుతున్నాననే ఇన్నాళ్లూ అనుకుంది. ఆ మరుపు చీకట్లో ఆయన్ని ఒంటరిగా వదిలేశానని ఇప్పుడు తెలిసింది. ఆయన ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. రష్మి వచ్చి ఇద్దరి పక్కనే నేల మీద కూలబడింది.

ఆయన భార్య తల నిమురుతూ నెమ్మదిగా అన్నారు: “నువ్వు మాత్రం నాకు ఎన్నాళ్లు గుర్తుంటావో, ఉమా.”