మూడు నల్ల గుర్తుల ఓడ

త్రినాథరావు స్టీల్ ప్లాంటులో బొగ్గు విభాగం ఉద్యోగి. బొగ్గు చూసి ఏ దేశానిదో చెప్పేస్తాడు గానీ, అది తెచ్చిన ఓడ మొహం ఎన్నడూ చూడలేదు. ఆ లోటు తీర్చుకోడానికి వీక్లీ ఆఫ్ రోజున ఉక్కునగరం నుంచి రెండు బస్సులు మారి జాలారిపేట ఒడ్డుకు వచ్చేవాడు. ఇసుకలోకి లాగిన పడవ ముక్కుకు వీపు ఆనించి, బైనాక్యులర్స్‌లో ఓడలు చూసి వాటి పేర్లు నోట్‌బుక్కులో రాసుకునేవాడు.

"నేవీ ఓడ," అని ఓ సాయంత్రం పైకే అనేశాడు.

వెనక కిసుక్కున నవ్వు.

"నేవీ కాదు బాబూ, బొగ్గోడ. నిండుగా ఉంది. అడుగున ఎర్ర రంగు కనబడతందేటి? ఖాళీదైతే పైకి తేలి ఎర్రగా కనబడతాది."

పచ్చ వోణీ అమ్మాయి. డిగ్రీ పుస్తకాలు పడవలో పడేసి వల మడత పెడుతోంది.

"మీ పేరు?"

"పేర్లు కనుక్కోడానికేగా వచ్చావు? నాదీ కనుక్కో."

నాలుగు రోజుల తర్వాత ఆ బొగ్గు ప్లాంటుకు వచ్చింది. త్రినాథరావుకు ఆ వారం ఉద్యోగం చాలా బాగున్నట్టనిపించింది.

రెండు నెలలు అలాగే గడిచాయి. ఓడలన్నిటికీ పేర్లు దొరికాయి, అమ్మాయికి తప్ప.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. ఫిబ్రవరిలో ఓ తెల్ల ఓడ వచ్చింది. పోర్టులోకి పోదు, లంగరు వేయదు. ఒకే గీత మీద నెమ్మదిగా పోతుంది, తిరుగుతుంది, మళ్ళీ వస్తుంది. ప్లాంటుకు సెలవు పెట్టి మరీ మూడు రోజులు చూశాడు.

"పెద్ద ట్రాలరంట," అంది అమ్మాయి. "అదలా తిరుగుతందంటే అక్కడ సేపలున్నట్టే గదా. రేపు దానెనకాలే వల ఏత్తానంటన్నాడు మా అయ్య."

త్రినాథరావు బైనాక్యులర్స్ ఆమె చేతికిచ్చాడు. "స్తంభం మీద చూడు. ఒకదాని కింద ఒకటి మూడు నల్ల గుర్తులు. గుండ్రం, డైమండ్, గుండ్రం. పనిలో ఉన్నాను, పక్కకు తప్పుకోలేను అని అర్థం. చేపలు పట్టే ఓడ ఆ గుర్తులు పెట్టదు. అది సముద్రం అడుగున చమురు వెతికే సర్వే ఓడ. వెనక కిలోమీటర్ల పొడవు తీగ లాగుతూ ఉంటుంది. వల వేస్తే చింపుకుపోతుంది."

ఆమె మొహంలో నవ్వు పోయింది. "కొత్త వల. ఆర్నెల్లు అల్లాడు మా అయ్య. కాయమేనా? బొగ్గోడని నేవీ అన్నావు నువ్వు."

"ఆ రోజు ఒక్కసారి చూశాను. దీన్ని మూడు రోజులు చూశాను."

చెయ్యి పట్టుకున్నంత పని చేసి తండ్రి దుర్గారావు దగ్గరికి తీసుకుపోయింది.

"బాబాయ్..." అని మొదలెట్టాడు త్రినాథరావు.

ఆమె అతని కాలు తొక్కింది. "ఆయన బాబాయైతే నాను నీకేటవుతాను?" అంది గుసగుసగా. త్రినాథరావు చెప్పాల్సిందంతా మర్చిపోయి, మళ్ళీ గుర్తు తెచ్చుకుని చెప్పాడు.

దుర్గారావు నవ్వాడు. "ఉక్కు ఫ్యాక్టరీ కుర్రోడు మాకు సముద్రం సెప్తాడేటి?"

"అయ్యా, ఆ మాట నాదనుకో. తప్పైతే రేపట్నించి ఈ ఒడ్డుకి రాను," అంది అమ్మాయి.

త్రినాథరావు గుండె జారిపోయింది. ఓడ గురించి కాదు.

దుర్గారావు కూతుర్ని చూశాడు, కుర్రాణ్ణి చూశాడు. "అయితే ముందు వల లేకుండా ఎల్దాం. నువ్వూ ఎక్కు."

తెల్లారేసరికి పడవ సముద్రంలో ఉంది. త్రినాథరావు మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. తెల్ల ఓడ పెద్ద గోడలా పక్కనుంచి దాటిపోయింది. వెనక నీళ్ళు తప్ప ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు.

"ఏదీ తీగ?" అన్నాడు దుర్గారావు.

ఇక ఆమె ఒడ్డుకు రాదనుకున్నాడు త్రినాథరావు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు కనబడింది, దూరంగా ఒక నారింజ రంగు తేలుడు బుడ్డి. మనిషి లేడు, ఇంజను లేదు, అయినా నీళ్ళు చీల్చుకుంటూ ఓడ వెనకే పరిగెడుతోంది. దాని ముందు నీటి కింద తాడంత లావు తీగ సాగిపోతోంది.

దుర్గారావు తలగుడ్డ విప్పి, ఆ ఓడ దారిలో వలలేయడానికి వెనక వస్తున్న పేట పడవలన్నిటికీ తిరిగిపొమ్మని ఊపాడు.

ఒడ్డున ఆమె నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉంది. త్రినాథరావు పడవ దిగి రెండడుగులు వేసి ఇసుకలో కూలబడ్డాడు. ఎదురుగా పడవ ముక్కు మీద అక్షరాలు. రెండు నెలలుగా వీపు ఆనించింది వాటికే.

"గంగాలమ్మ," అని చదివాడు. "అమ్మవారి పేరా?"

"అమ్మోరి పేరు మా పిల్లకెట్టాను. పిల్ల పేరు పడవకెట్టాను," అన్నాడు దుర్గారావు.

ఆమె వోణీతో మొహం కప్పుకుని పడవ చాటుకు తప్పుకుంది. "కాలేజీలో పాత పేరని నవ్వుతారు."

"నేను నవ్వను," అని నోట్‌బుక్ తీసి, తడి చేత్తోనే ఆ పేరు రాసుకున్నాడు. లేచి ఇసుక దులుపుకుంటూ, "మరి వెళ్ళొస్తాను బాబాయ్," అన్నాడు, అలవాటుగా.

"ఎక్కడికి ఎల్తావు? అన్నం తినెల్లు," అన్నాడు దుర్గారావు. "ఇంకోపాలి బాబాయ్ అన్నావంటే మళ్ళీ పడవెక్కించేత్తాను. ఆ పిలుపు మా పిల్లకి నచ్చటం లేదు. నిన్న కాలు తొక్కడం నానూ సూశాను."

త్రినాథరావు పడవ చాటుకు చూశాడు. గంగాలమ్మ నవ్వుతోంది.

"సరే మావయ్యా," అన్నాడు.