కాలువకు పోని మంచం

అల్లుడు అలకపాన్పు ఎక్కి గంట దాటింది. దిగడం లేదు.

ఆ మంచం పొద్దున్నే అచ్చుపొయ్యిలోంచి వచ్చింది. కర్రపెండలం పిండితో పోసిన మంచం. సామర్లకోటలో ఇప్పుడు అన్నీ అలాగే పోస్తారు. పీటలు, కంచాలు, చెప్పులు కూడా. పని తీరాక వాటిమీద విరుపుజల్లు కొడతారు. పిండి అంటే గ్లూకోజు పూసల దండ. జల్లులోని ఎంజైము ఆ దండ కొస పట్టుకుని ఒక్కో పూసనూ తెంచుకుంటూ పోతుంది. అన్నం ఎక్కువసేపు నమిలితే నోట్లో తియ్యబడటం లాంటిదే. కాకపోతే జల్లుకు అంత ఓపిక లేదు. చూస్తుండగానే మంచం పాకమై, కింద ఉన్న కరుగుపళ్లెంలో పడి, పళ్లెం కన్నంలోంచి తీపికాలువలోకి జారిపోతుంది. అక్కడ దాన్ని మళ్లీ పిండి చేసి ఇంటింటికీ పంపుతారు. ఊళ్లో ఏ ఇంటికీ అటక లేదు. పాత సామాను లేదు.

ఒక్క నూకరాజు ఇంట్లో ఉంది. పెళ్లికూతురి తండ్రి అతనే.

"చెప్పు బాబూ, ఏం కావాలి?" అన్నాడు నూకరాజు. అడగడం ఆచారం కాబట్టి అడిగాడు.

"మీ గదిలో మంచం కరిగించెయ్యండి మావయ్యా," అన్నాడు త్రినాథ్.

చుట్టూ నవ్వుతున్నవాళ్లు నవ్వు ఆపేశారు.

నాలుగేళ్ల కిందట నూకరాజు భార్య భూలక్ష్మి ఆ మంచం మీంచి లేచి, సంతకెళ్లొచ్చి కరిగిస్తానంది. సంతలోనే గుండె ఆగింది. పిండిమంచం ఒంటి వేడికి మెత్తబడి, పడుకున్న మనిషి ఆకారం పట్టుకుంటుంది. ఎడమవైపు ఒత్తిగిలి, చెయ్యి చెంపకింద పెట్టుకున్న ఆకారం అలాగే ఉండిపోయింది. నూకరాజు కరిగించలేదు. చీమలు రాకుండా మంచం కోళ్ల చుట్టూ పసుపు పోశాడు. వానాకాలం చెమ్మ పట్టకుండా బొగ్గుల కుంపటి పెట్టాడు. తను పక్కన నేలమీద పడుకున్నాడు. నడుం పట్టేసింది. మంచం మీద చెయ్యేసినవాణ్ణి ఇంట్లోంచి గెంటాడు.

"ఈ మాట ఎవరు నేర్పారయ్యా నీకు?"

త్రినాథ్ పెళ్లికూతురి వైపు చూశాడు. మాణిక్యం తల దించుకోలేదు.

"నేనే నాన్నా. రేపట్నుంచి నీ నడుం ఎవరు పడతారు? అది ఉన్నంతకాలం నువ్వు నేలమీదే."

"నా నడుం. నా నేల."

నూకరాజు విసవిసా గదిలోకి పోయాడు. ఆ ఆకారానికి తగలకుండా మంచం పట్టె మీద చతికిలబడ్డాడు. "నేనూ అలిగాను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

"మావా అల్లుడూ ఇద్దరూ అలిగితే భోజనాలు ఎవరికండీ?" అన్నాడొకడు గుమ్మంలోంచి.

"పప్పు చల్లారిపోతందండోయ్!"

"అల్లుడలిగితే బండడుగుతాడు. మావ అలిగితే ఏవడుగుతాడో చూడాలండి, ఆయ్!"

త్రినాథ్ నాయనమ్మ వెంకాయమ్మ అందర్నీ కర్రతో పక్కకు నెట్టుకుంటూ లోపలికొచ్చి కూలబడింది.

"ఏరా అబ్బాయ్, అలిగినోణ్ణి అడగాల కదా. అడుగుతున్నా. నీకేం కావాలి?"

నాలుగేళ్లుగా ఊరంతా కరిగించమని చెప్పింది. ఏం కావాలని ఎవరూ అడగలేదు. నూకరాజు తిట్టడానికి నోరు తెరిచాడు.

"కాలువలో పోకూడదు," అన్నాడు.

"ఏంటీ?"

"కరిగిస్తే కాలువలో పోద్ది. తెల్లారేసరికి ఎవడింట్లోనో చెప్పుల జోడవుద్ది. మా ఆవిడ ఎవడి కాళ్లకిందో ఎందుకుండాలండీ?"

ముసలామె పళ్లెం కన్నం వైపు చూసింది.

"అయితే కన్నం మూసెయ్యి."

తీపికాలువ కట్టినవాళ్లు అన్నీ ఆలోచించారు. వాన, వరద, ఎలకలు. కన్నం మూసేవాడు ఒకడుంటాడని మాత్రం అనుకోలేదు.

నూకరాజు భుజం మీది కొత్త ఉత్తరీయం తీసి, ఉండచుట్టి, కన్నంలో కుక్కాడు. విరుపుజల్లు తనే అందుకున్నాడు. కాళ్ల దగ్గర మొదలుపెట్టాడు. చెంపకింద చెయ్యి చివరిదాకా ఉంచాడు. తర్వాత దానిమీదా కొట్టాడు.

కోళ్ల చుట్టూ ఉన్న పసుపు కలిసి పాకం పచ్చగా దిగింది. ఆడవాళ్లు చెంబులతో బిందెల్లోకి ఎత్తారు. పొయ్యిమీద ఒక పొంగు రానిచ్చారు. పొంగితే ఎంజైము చస్తుంది. మిరియాలు, శొంఠి, యాలకులు దంచి వేశారు.

"మంచం తాగుతామేంటండీ!" అన్నాడు మగపెళ్లివారిలో ఒకాయన.

"ముత్తయిదువుగా పోయిన పిల్ల," అంది వెంకాయమ్మ. "పెళ్లికూతురి తల్లి. విడిదికి పానకం బిందె పంపింది. వద్దన్నోడి గ్లాసు నాకివ్వండి."

ఎవరూ వద్దనలేదు.

"మా ఇంటి మంచం ఇంత రుచుండదండి."

"నువ్వు పడుకున్న మంచమా? ఎవడు తాగుతాడండి బాబూ!"

గది కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. నూకరాజు చివర్న తాగాడు.

"మిరియాలు ఎక్కువయ్యాయి," అన్నాడు. భూలక్ష్మి కలిపినా ఇదే మాట అనేవాడు. రెండో గ్లాసు అడిగాడు.

త్రినాథ్ అలకపాన్పు దిగాడు. విస్తళ్లు వేశారు. పెళ్లికూతురి తండ్రి వడ్డన చూసుకోవాలి. నూకరాజు అల్లుడు ఖాళీ చేసిన అలకపాన్పు మీద ఒక్క నిమిషం నడుం వాల్చాడు. సన్నాయిని మించిపోయింది గురక. జనం గ్లాసులు పట్టుకుని వచ్చి చూసిపోయారు. ఎవరూ లేపలేదు.

అప్పగింతల వేళకు మెలకువ వచ్చింది. పక్కన మాణిక్యం విరుపుజల్లు పట్టుకుని నిలబడి ఉంది. నూకరాజు లేచి మంచం చూశాడు. కాళ్లూ చేతులూ బార్లా చాపిన తన ఆకారం. మంచమంతా తనే.

"కరిగించనా నాన్నా?"

"కన్నం మూసి కరిగించు. బిందెలో పట్టుకెళ్లు."

"నీ మంచం చేదొస్తది నాన్నా," అంది మాణిక్యం. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

"తాగి చూడు."

కరిగించి, ఒక పొంగు రానిచ్చి తాగింది. తియ్యగానే ఉంది.