శశికళ ఆంటీ స్టేట్‌మెంట్

అమెరికాలో నోవై పక్కన ఓ చిన్న ఊరు. 2013 అక్టోబర్. వానలో స్టాప్ సైన్ దగ్గర సరిగ్గా ఆగకుండా వెళ్లిన వినీత్ వెనక ఎరుపూ నీలం లైట్లు వెలిగాయి. మాస్టర్స్ చదువుతున్న వినీత్ దృష్టిలో మర్యాదంటే ఆఫీసర్ వచ్చేదాకా కూర్చోవడం కాదు, ఎదురెళ్లడం. ఒక చేత్తో కాగితాలు, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని దిగాడు.

కారులోకి వెళ్లమని మైకులో గద్దింపు వినిపించింది. పరుగున వెళ్లి కూర్చున్నాడు. దగ్గరికొచ్చిన లేడీ ఆఫీసర్ లైసెన్స్ మీద పేరు చూసి, అమెరికా యాసలో తెలుగు మొదలుపెట్టింది.

“మీరు అలా దిగి రావద్దు. మాకు భయం.”

“మీకు కూడా భయమా?” అన్నాడు వినీత్, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఆమె పేరు అవని. నవ్వు ఆపుకుని, వార్నింగ్ కాగితం ఇచ్చి వదిలేసింది. క్లాస్‌మేట్లు ఆ కాగితం చూసి అతని వీసా పోయినట్టేనని తేల్చేశారు. వెళ్లేముందు మైక్రోవేవ్ తనకివ్వమని ఒకడు ముందే అడిగిపెట్టుకున్నాడు.

ఆ నెలలోనే మూడు తెలుగు ఇళ్లలో బంగారం పోయింది. పక్కిళ్ల అమెరికన్లు పోలీసులకు ఫోన్ చేశారే గానీ, పోగొట్టుకున్నవాళ్లు నోరు విప్పలేదు. పోలీసులు గుడి హాల్లో ‘నమ్మకం’ పేరుతో మీటింగ్ పెట్టారు. తెలుగు సంఘం ప్రెసిడెంట్ రాధాకృష్ణ నమ్మకం గురించి నలభై నిమిషాలు మాట్లాడి, మన కమ్యూనిటీలో అసలు సమస్యలే లేవని ముగించారు. ప్రశ్నల టైంలో ఒకాయన స్పీడింగ్ టికెట్ కొట్టేయించగలరా అన్నాడు. ఒకావిడ అవనిది ఏ గోత్రమని అడిగింది. దొంగతనాల సంగతి అవని ఎత్తగానే అందరికీ ఇడ్లీలు గుర్తొచ్చాయి.

సాంబారు వడ్డిస్తున్న వినీత్ గరిటె ఆగిపోయింది. పోయిన బంగారంలో అతను బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న శశికళ ఆంటీది కూడా ఉంది. ఆ రోజు ఇంటి ముందుకు తెల్ల వ్యాన్ వస్తే, ఎవరో ప్లంబర్లనుకుని తన కారు పక్కకు తీసి మరీ దారిచ్చింది వినీతే. కంప్లైంట్ ఇస్తే గ్రీన్‌కార్డ్ ఆగుతుందేమోనని ఆంటీ భయం. తన వీసా ఏమవుతుందోనని అతని భయం.

ప్లేట్ అందుకుంటున్న అవనికి ఆంటీ సంగతి చెవిన వేసి, మెల్లగా అడిగాడు. “సాక్షి ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీదుంటే?”

“దొంగ ఎవరు అని అడుగుతాం. మీ వీసా ఏంటి అని అడగం,” అంది అవని. “నేను యూనిఫామ్ లేకుండా వస్తాను. మీరు ఆంటీ పక్కన కూర్చోండి.”

మర్నాడు వంటింటి బల్ల దగ్గర శశికళ ఆంటీ మొదట ఏమీ పోలేదంది. తర్వాత మెడలోకి వేసుకునే నాను ఒక్కటే పోయిందంది. ఆపై వాళ్లమ్మ పెట్టిన కాసులపేరు తలచుకుని ఏడ్చేసింది. అవని రాయడం ఆపి ఆమె చెయ్యి పట్టుకుంది. అది చూశాక వినీత్ వ్యాన్ సంగతి, నంబర్లో గుర్తున్న మూడు అంకెలు చెప్పి సంతకం పెట్టాడు. కంగారులో తేదీ తప్పు వేసి దిద్దాడు. అవని ఆ దిద్దుబాటు చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. అతను మనసు పారేసుకున్నది అప్పుడే.

ఆంటీ ధైర్యం చూసి మిగతా రెండిళ్లవాళ్లూ వచ్చారు. నెల తిరిగేసరికి దొంగలు దొరికారు, సగం బంగారం కూడా. సంఘం పత్రిక దీన్ని రాధాకృష్ణగారి విజయంగా వేసింది. ఫొటోలో అవని మోచెయ్యి మాత్రమే పడింది.

ఈలోగా అవని వినీత్‌తో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. తనంటే ఇష్టం లేదనుకున్నాడు. ఏప్రిల్‌లో దొంగలు నేరం ఒప్పుకున్న రోజు, కోర్టు బయట ఆమే అతన్ని ఆపింది.

“కేసులో ఉన్న సాక్షికి ఇలాంటివి చెప్పకూడదు. ఇవాళ కేస్ అయిపోయింది,” అంది. “నాకు మీరు ఇష్టం.”

వినీత్ ఆరునెలలుగా అనుకుంటున్న మాటలన్నీ మరిచిపోయి, తలూపాడు.

ఆ ఆదివారం అవని వాళ్లమ్మ జయంతి అతన్ని భోజనానికి పిలిచింది. జీతం అడగలేదు, వీసా అడగలేదు.

“దాని డ్యూటీకి వేళాపాళా ఉండదు బాబూ. అది ఇంటికొచ్చేదాకా ఫోన్ వైపే చూస్తూ కూర్చోవాలి. ఎనిమిదేళ్లుగా నేను చేస్తున్న పని అదే. నీ వల్లవుతుందా?”

“మొన్న చలికాలం మంచు తుఫానులో ఆమె క్షేమం తెలుస్తుందేమోనని ఫోన్ చూస్తూనే కూర్చున్నాను ఆంటీ,” అన్నాడు వినీత్. “అప్పటికి ఆమె నాతో మాట్లాడటం కూడా లేదు.”

 జయంతి అతని అన్నంలో ఇంకో గరిటెడు నెయ్యి వేసింది.