నిద్దరొచ్చే నుయ్యి

బొబ్బిలి నుంచి పడమటగా పోయే రోడ్డు దిగి, మొక్కజొన్న చేల మధ్య కాస్త దూరం నడిస్తే వస్తుంది ఆ నుయ్యి. ఊళ్ళో దాన్ని జోడు నుయ్యి అంటారు. పొద్దుగూకాక ఆ గట్టున ఎవరూ నడవరు. అడ్డదారే అయినా సరే... చుట్టూ తిరిగి రోడ్డు మీదనే పోతారు.

జోడు అని ఎందుకన్నారంటే, అది ఒక్కరితో ఊరుకోదట. ఒకరి వెనక ఇంకొకరు దిగాలి. ఇద్దరయ్యాకే శాంతిస్తుందట.

ఎనిమిదేళ్ళ కిందట అలాగే అయింది. వాడకం మానేసిన ఆ నూతిలో పూడిక తీసి, మళ్ళీ మోటారు పెట్టుకుందామని అసిరయ్య దిగాడు. ఎంతకీ పలక్కపోతే అతని అన్న దిగాడు. ఇద్దరూ పైకి రాలేదు. పైనుంచి కొక్కేలు వేసి శవాలు తీసినవాళ్ళు చెప్పింది విని ఊరు ఊరంతా తలుపులు వేసుకుంది. అడుగున మోకాలి లోతు బురదే. ఒంటి మీద దెబ్బ లేదు, పొట్టలో నీళ్ళు లేవు. అన్నదమ్ములిద్దరూ గోడకి ఆనుకొని పడుకున్నట్టు ఉన్నారట.

ఎప్పుడో అందులో దూకిన కోడలుపిల్లే లాక్కుందని ముసలివాళ్ళన్నారు. దిష్టి తీసి మంత్రాలు వేసే ఎజ్జోడు, అమ్మోరికి కోపం వచ్చిందన్నాడు. గణపతిరావు మేస్టారు మాత్రం ఇవన్నీ మూఢనమ్మకాలని కొట్టిపారేసి, తాగి దిగుంటారు, అంతేనన్నాడు.

అసిరయ్య పెళ్ళాం దేవి ఆ రోజు గట్టు మీదే ఉంది. మొగుడు చుక్క ముట్టని మనిషని ఆమెకి తెలుసు. కోడలుపిల్లని ఆమె చూడలేదు, అమ్మోరినీ చూడలేదు. ఆమె విన్నది ఒక్కటే. దిగిన కాసేపటికి లోపల్నుంచి అసిరయ్య అన్నాడు —

"ఒసే దేవీ... నిద్దరొస్తందే."

అంతే. ఆ తర్వాత గొంతు లేదు.

పట్టపగలు, పదకొండు గంటలప్పుడు, రాయిలాంటి మనిషికి నిద్రేమిటి? అడిగిన ప్రతివాళ్ళూ ఆ మాటని తమవైపే లాక్కున్నారు. దెయ్యం జోకొట్టిందని ఒకరు. తాగిన మత్తని ఒకరు. దేవికి ఏదీ సరిపోలేదు. ఎనిమిదేళ్ళు ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది.

మొన్న మాఘమాసంలో, దీపాలు పెట్టే వేళకి, కూర్మమ్మ ఏడుపు ఊరంతా వినబడింది. గొర్రెలు కాసే నూకయ్య పెళ్ళాం ఆవిడ. గొర్రెలు ఇంటికొచ్చాయి, వాటి వెనక మనిషి రాలేదు. వెతుక్కుంటూ పోతే, జోడు నుయ్యి గట్టు మీద అతని చెప్పులున్నాయి. వాటి పక్కనే చేతికర్ర. అతని భుజం మీద ఉండే తాడు అక్కడి దిమ్మకి కట్టి, నూతిలోకి వేలాడుతోంది.

దేవి వెళ్ళేసరికి పదిమంది దూరంగా నిలబడి ఉన్నారు. గట్టు దగ్గర మాత్రం ఒక్కడే. నూకయ్య కొడుకు యుగంధర్. బొబ్బిలిలో సెల్‌ఫోన్ షాపులో పనిచేస్తాడు, గణపతిరావు మేస్టారి దగ్గర చదువుకున్నవాడు. ఫోన్ లైటు లోపలికి కొట్టి చూస్తున్నాడు.

సగం లోతులో, గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి మెట్టు మీద నూకయ్య ముడుచుకొని ఉన్నాడు. కదలడం లేదు. చెవి పెట్టి వింటే... గురక లాంటి చప్పుడు. ఆగి ఆగి వస్తోంది.

ఎజ్జోడు వచ్చేదాకా ఎవరూ దగ్గరికి పోవద్దని ముసలివాళ్ళు అంటున్నారు. కూర్మమ్మ పసుపు, కుంకుమ, గుడ్డి లాంతరు తెచ్చి గట్టు మీద పెట్టి, నూతికి దణ్ణాలు పెడుతోంది. ఎజ్జోడు సాలూరు అవతల ఎక్కడో ఉన్నాడు. యుగంధర్ చొక్కా విప్పేశాడు.

"లోన ఏటీ లేదు. లైటేసి సూసేను. గొర్రె పడిందని దిగి, జారి పడ్డాడు మా అయ్య. నాను దిగతన్నాను."

దేవి అతని చెయ్యి పట్టుకుంది. అదే గట్టు. అతను కాలు పెట్టబోతున్నది అసిరయ్య కాలు పెట్టిన చోటే. ఒకరి వెనక ఇంకొకరు...

"ఆగరా."

"నువ్వు కూడా దెయ్యమంటావేటి పిన్నీ?"

"అనను. ఏటీ లేదని కూడా అనను. ఒక్క నిమిషం ఆగు."

ఆ నిమిషంలో ఏం చెయ్యాలో ఆమెకే తెలియదు. ఫోన్ వెలుగులో గోడలు శుభ్రంగా, ప్రశాంతంగా ఉన్నాయి. ఆ రోజు ఎండలోనూ అలాగే ఉన్నాయి. కంటికి కనబడేదైతే అసిరయ్యకే కనబడేది. మరి కనబడనిది... దాన్ని ఎలా చూడాలి? ఆమె చూపు కూర్మమ్మ లాంతరు మీద పడింది.

లాంతరుకి తాడు కట్టి నూతిలోకి దించింది.

ఒక మనిషి లోతు... ఇద్దరు మనుషుల లోతు... మంట నిటారుగా వెలుగుతోంది. నూకయ్య ఉన్న మెట్టు దగ్గరకొచ్చేసరికి ఎర్రబడి, కుంచించుకుపోయింది. మెట్టు కిందకి మూరెడు దిగగానే —

ఆరిపోయింది.

వెనక ఎవరో కెవ్వుమన్నారు. ఊదేసిందన్నారు. యుగంధర్ గాలికి ఆరిందన్నాడు. దేవి లాంతరు పైకి లాగింది. గాజు చిమ్నీ బిగిసే ఉంది, నూనె నిండా ఉంది. వెలిగించి మళ్ళీ దించింది. అక్కడే ఆరిపోయింది. మూడోసారి నూతికి అటువైపు నుంచి దించింది. అదే లోతు. గీత గీసినట్టు, అక్కడే.

యుగంధర్ గట్టు మీంచి కాలు వెనక్కి తీసుకున్నాడు.

దేవి నోట మాట గుసగుసలా వచ్చింది. "మీ సిన్నాన్నకి నిద్దరొచ్చింది. ఈ దీపానికీ నిద్దరొచ్చింది. మనిషి మీద పగ ఉందంటే ఉండొచ్చు. దీపం మీద పగేటిరా?"

అతను నూతిలోకి చూసి, ఆమె మొహంలోకి చూశాడు. "గాలి లేదు," అన్నాడు మెల్లగా. "లోన ఉన్నది మనం పీల్చే గాలి కాదు పిన్నీ."

అక్కడికి ఇరవై అడుగుల్లో బోరు మోటారు షెడ్డు ఉంది. ధాన్యం ఎగరబోసే పెద్ద ఫ్యాను అందులోనే ఉంటుంది. దూరంగా నిలబడ్డవాళ్ళని దేవి పేరుపేరునా పిలిచింది. దెయ్యం ఉందో లేదో తర్వాత తేల్చుకుందాం, ముందు ఫ్యాను మొయ్యండి అంది. నలుగురు కదిలారు. ఫ్యాను గట్టు మీదికి ఎక్కించి, మూతి లోపలికి వంచి కట్టారు. మిగతావాళ్ళు బోరు నీళ్ళు బిందెలతో తెచ్చి, గోడ వెంబడి జల్లుగా పోశారు. లోపల గాలి కదులుతుందని యుగంధర్ చెప్పాడు.

మెట్టు మీద గురక సన్నబడుతోంది.

కూర్మమ్మ దేవి కాళ్ళ దగ్గర కూలబడి, వాణ్ణి పంపించు, ముసిలోడు పోతన్నాడు అని ఏడ్చింది. దేవి పంపలేదు. ఫ్యాను తిరిగిన ఆ నాలుగు నిమిషాలు ఎలా గడిచాయో తనకి తెలీదని ఆమె తర్వాత చెప్పింది. నూకయ్య పోయి ఉంటే, ఆ చావు ఊరు తన మీదే వేసేది.

లాంతరు మళ్ళీ దించింది. మెట్టు దాటింది... మూరెడు... రెండు మూరలు. మంట వణికింది గానీ, ఉంది.

యుగంధర్ నడుముకి తాడు బిగించారు. ఇంకో తాడు చేతికిచ్చారు. దేవి అతని చెవిలో చెప్పింది. "అంకెలు లెక్కెడతానే ఉండు. నీ గొంతు ఆగితే లాగేస్తాం. మీ అయ్య అందినా, అందకపోయినా."

దిగాడు. ఒకటి, రెండు, మూడు... గొంతు నూతిలో గుండ్రంగా తిరిగి పైకొస్తోంది. పద్నాలుగు దగ్గర మెట్టు మీద కాలు పెట్టాడు. ఇరవై దగ్గర తండ్రి చంకల కింద తాడు దూర్చాడు. ఇరవై ఆరు... ఇరవై ఏడు...

ఇరవై ఏడు.

ఇరవై... ఏడు.

"లాగండి," అంది దేవి.

ఎనిమిది మంది లాగారు. ముందు ముసలాయన వచ్చాడు, వెనకే కొడుకు. యుగంధర్ గట్టు మీద బోర్లా పడి వాంతి చేసుకున్నాడు. నూకయ్య పెదాలు నల్లబడి ఉన్నాయి. ఫ్యాను అతని మొహం మీదికి తిప్పారు. కొంతసేపటికి అతని పొట్ట ఒక్కసారి ఎగిరింది... ఇంకోసారి ఎగిరింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారు.

మూడో రోజు గణపతిరావు మేస్టారు దేవి ఇంటికొచ్చాడు. వాడని నూతుల్లో చెడ్డగాలి చేరుతుందని తను పాఠం కూడా చెప్పాననీ, అయినా ఆ రోజు చూడకుండానే తాగారనేశాననీ తల దించుకొని చెప్పాడు. ఆ మాట ఊరందరిలో చెప్పమంది దేవి. చెప్పాడు. ఆ రాత్రి ఆమె ఎనిమిదేళ్ళ తర్వాత కరువుతీరా ఏడ్చి, నిద్రపోయింది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది.

ఐదో రోజు ఆమె నూకయ్యని చూడటానికి ఆస్పత్రికెళ్ళింది. గొర్రె కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నావు బావా, అంది. నూకయ్య మంచం మీద లేచి కూచున్నాడు.

"గొర్రె పడనేదమ్మా. అన్నీ ఇంటికొచ్చీసేయి కదా."

"మరెందుకు దిగేవు?"

అతను కూర్మమ్మ బయటికెళ్ళేదాకా ఆగాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"లోన ఎవులో దగ్గేరు. రెండుసార్లు. మనిసి పడిపోనాడనుకొని దిగేను."

ఆ నూతిని మర్నాడే లైట్లు పెట్టి, అడుగుదాకా చూశారు. బురద, రాళ్ళు. మనిషి లేడు.

నువ్వే దగ్గుంటావు, అది నూతిలో తిరిగి వినబడుంటుంది అంది దేవి. నూకయ్య తల అడ్డంగా ఊపాడు. మొదటిసారి వినగానే, ఊపిరి బిగబట్టి విన్నాడట. అప్పుడే రెండోసారి వినబడింది.

దేవి దెయ్యమని అనలేదు. అబద్ధమనీ అనలేదు. బస్సు దిగి ఇంటికి పోలేదు. తిన్నగా చేలల్లోకి నడిచింది.

పొద్దు గూకింది. మొక్కజొన్న ఆకు కదలడం లేదు. నూతి మీద కొత్తగా బిగించిన ఇనుప చువ్వలకి దూరంగా, గట్టు చివర కూచుంది. కప్పల చప్పుడు, ఎక్కడో లారీ హారను, మోటారు షెడ్డులో తొండ పాకిన చప్పుడు... ఒక్కొక్కటీ ఏమిటో తేల్చుకుంటూ వింది. ఒక్కొక్కటే ఆగిపోయాయి.

చీకటి పూర్తిగా పడింది.

కింద... చాలా కింద... ఎవరో దగ్గారు.

కాళ్ళు పరిగెత్తమంటున్నాయి. దేవి రెండు చేతులతో గట్టు రాయిని గట్టిగా పట్టుకుంది. తన ఊపిరి చప్పుడు అడ్డురాకుండా నోరు మూసుకుంది.

రెండోది ఎక్కణ్ణుంచి వస్తుందో వినాలని... అలాగే కూచుంది.