అన్నీ అడిగే కాపలా

పొద్దున ఏడున్నరకే పుంగనూరులో ఎండ చురుక్కుమంటోంది. రాజేశ్వరి వాకిలి కడిగి, తలుపు మూసి గడియ పెట్టింది. గడియ పడిందో లేదో ఇంకోసారి లాగి చూసుకుని వంటింట్లోకి వెళ్లింది. సంగటికి ఎసరు పెడుతుంటే హాల్లోంచి కూతురు నీలిమ గొంతు వినిపించింది.

"అమ్మా, మన కంప్యూటర్‌లో యాంటీవైరస్ అయిపోయి ఎనిమిది నెలలైందంట. కొత్తది వేయాల."

రాజేశ్వరి చేతిలో గరిటె ఆగిపోయింది. "వైరస్సా? యాడ?"

"మనిషికి కాదులేమ్మా, మిషన్‌కు."

నీలిమ మామూలుగానే అంది. కానీ ఆ ఇంట్లో ఆ మాట పలకడం మానేసి నాలుగేళ్లయింది. భర్త మునికుమార్ పోయినప్పటి నుంచి 'ఆ జబ్బు' అనడమే అలవాటు. ఎవరో పెళ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చి, లోపల కూర్చుని కాఫీ తాగి వెళ్లారు. పదహారో రోజుకు ఇంటాయన లేడు. మదనపల్లెలో ఆసుపత్రి గేటు దగ్గరే రాజేశ్వరిని ఆపేశారు. చివరి చూపు కూడా దూరం నుంచే. అప్పట్నుంచి ఎవరు తలుపు కొట్టినా ఆమె కిటికీలోంచే "ఎవురు?" అని అడుగుతుంది. పేరు చెప్పినా వెంటనే తీయదు. చుట్టాలు మొదట రావడం తగ్గించారు, తర్వాత మానేశారు.

నీలిమ బెంగళూరులోని ఒక చిన్న కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. గది తలుపు వేసుకుని, ఆఫీసు వాళ్లిచ్చిన లాప్‌టాప్ ముందు కూర్చుని, తొమ్మిది నుంచి ఆరు దాకా ఇంగ్లీషులో మాట్లాడుతూనే ఉంటుంది. రాజేశ్వరి చదువు ఏడో తరగతితో ఆగింది. ఆ ఇంగ్లీషులో ఆమెకు తెలిసేది ఎక్కడో ఒక ముక్క. అయినా బియ్యం ఏరుతున్నా, బట్టలు మడుస్తున్నా తలుపు వెనక నుంచి ఆ గొంతు వస్తూ ఉంటే ఇంటి నిండా మనుషులున్నట్టు ఉంటుంది.

"గురువారం పదకొండింటికి ఇంటర్వ్యూ ఉండాదిమ్మా. పెద్ద కంపెనీ," అంది నీలిమ వంటింటి గుమ్మంలోకి వచ్చి. "ఆఫీసు లాప్‌టాప్‌లో ఇస్తే ఉండే ఉద్యోగం కూడా పోతాది. మన కంప్యూటర్‌లోనే ఇయ్యాల. యాంటీవైరస్, ఫైర్‌వాల్ ఉండాయా అని ఫారంలో అడిగినారు."

"వస్తే ఈడి నుంచేనా పని?"

నీలిమ కాసేపు పొయ్యి మీద గిన్నెను చూసింది. "బెంగళూరికి పోవాల్సి వస్తాదిమ్మా."

రాజేశ్వరి సంగటి కెలకడం మొదలుపెట్టింది. నెట్లోంచి తనే ఏదో ఒకటి వేసుకుంటానని నీలిమ అంటే మాత్రం ఒప్పుకోలేదు. "మొగం తెలీనోళ్ల కాడి నుంచి తెచ్చి ఇంట్లో పెట్టుకుంటావా? మదనపల్లెకు పోయి యువరాజ్ చేత వేయించుకొస్తా. మీ నాయన ఆయన కాడే గదా కొన్నింది."

ఆ శనివారమే సీపీయూను పాత దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని మదనపల్లెకు బయల్దేరింది. ప్రతి గతుకు దగ్గరా దాన్ని చంటిబిడ్డలా పొదివి పట్టుకుంది. పక్క సీటావిడ "లోపల ఏముండాదమ్మా?" అని అడిగితే "ఏమీ లేదు" అంది.

యువరాజ్ పాతికేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్న మనిషి. మునికుమార్‌ను అన్నా అని పిలిచేవాడు. డబ్బా విప్పి దుమ్ము దులుపుతూ ఓపిగ్గా చెప్పాడు.

"మూడు రకాలుండాయక్కా. విండోస్‌తో పాటు వచ్చేది ఒకటి. దానికి డబ్బులు లేవు, మిషన్‌కు బరువు లేదు. ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకుంటే ఇంటి వాడకానికి అదే సాలు. రెండోది ఏడాదికోసారి కొనుక్కునేది. తప్పుడు సైట్లను, పెన్‌డ్రైవ్‌లో వచ్చేవాటిని ఇంకాస్త గట్టిగా పడతాది. అయితే మీ పాత మిషన్ నత్త మాదిరి నడస్తాది."

"రెండూ వేయకూడదా?"

"రెండు యాంటీవైరస్‌లు వేస్తే దాన్ని ఇది దొంగంటాది, దీన్ని అది దొంగంటాది. అవి కొట్లాడుకుంటా ఉంటే నీ పని జరగదక్కా," అని నవ్వాడు.

"మరి ఫైర్‌వాలంటే?"

"యాంటీవైరస్ లోపల దూరినోడిని వెతికి పట్టుకునేది. ఫైర్‌వాల్ గుమ్మం కాడ నిలబడి, ఎవురు లోపలికి వస్తాండారు, ఎవురు బయటికి పోతాండారు అని సూసేది. విండోస్‌లో అదీ ఉండాది. అది పెద్దగా అడగదు, దాని పాటికి అది సూసుకుంటాది. విడిగా వేసుకునేది ఇంకోటుండాది. అదే మూడోది. ప్రతిదానికీ పంపల్నా ఆపల్నా అని అడుగుతాది. ప్రాణం తీస్తాదక్కా. ఇండ్లకు నేనెప్పుడూ వేయను."

"అన్నీ అడిగేదే వేయప్పా."

"అక్కా, నా మాట ఇను..."

"అడక్కుండా లోపలికి రానిచ్చినందుకే గదప్పా మీ అన్న ఈపొద్దు లేడు."

యువరాజ్ డబ్బాకు వైర్లు తగిలించాడు. కొనే యాంటీవైరస్‌తో పాటు అన్నీ అడిగే ఆ ఫైర్‌వాల్‌నూ వేసి ఇచ్చాడు.

సాయంత్రం కుప్పం నుంచి అక్క రత్నమ్మ ఫోన్ చేసి నవ్వింది. "కంప్యూటర్‌ను ఒళ్లో పెట్టుకోని పోయినావంటనే! టికెట్ తీసినావా దానికి?"

"ఎగతాళి చేయొద్దుక్కా. నా భయం నాది."

"నీ భయం నీదే. ఆ బిడ్డకు ఏల అంటిస్తావు? ఇరవై నాలుగేండ్లొచ్చినాయి. కుప్పంలో రైలెక్కి ఎంతమంది ఆడపిల్లోళ్లు రోజూ బెంగళూరికి పోయొస్తాండారో సూడు పో."

రాజేశ్వరి పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పి ఫోన్ పెట్టేసింది. పొయ్యి మీద ఏమీ లేదు.

మర్నాటి నుంచి కంప్యూటర్ తెర మూలన చిన్న పెట్టెలు లేవడం మొదలైంది. పెట్టెలో ఏదో పేరు, కింద పచ్చ బటన్, ఎర్ర బటన్. అప్‌డేట్లు దిగాలని నీలిమ దాన్ని ఆన్‌లోనే ఉంచి గదిలోకి వెళ్లేది. "పచ్చది నొక్కితే పంపిస్తాది, ఎర్రది నొక్కితే ఆపేస్తాది. అనుమానం వస్తే ఎర్రదే నొక్కు, తర్వాత నేను సూస్తా," అంది. తర్వాత చూడటానికి ఆమెకు తీరిక దొరకలేదు. రాజేశ్వరికి ప్రతి పేరు మీదా అనుమానమే. చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఒక కన్ను తెర మీదే ఉంచి, పెట్టె లేచినప్పుడల్లా చెయ్యి తుడుచుకుని ఎర్రది నొక్కేది. చాలా రోజుల తర్వాత తన వల్ల ఇంటికి ఒక ఉపయోగం ఉందనిపించింది.

గురువారం వచ్చింది. నీలిమ తలస్నానం చేసి, నీలం చుడీదార్ వేసుకుని, పది నిమిషాల ముందే హాల్లో కంప్యూటర్ ముందు కూర్చుంది. పదకొండు కొట్టింది. తెర మీద చక్రం తిరుగుతోంది. కనెక్ట్ కావడం లేదు. వైఫై డబ్బా ఆపి మళ్లీ వేసింది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. చక్రం తిరుగుతూనే ఉంది.

"ఫోన్లో మాట్లాడుమా!"

"ఫోన్లో కుదరదమ్మా, పరీక్ష కూడా దీంట్లోనే రాయాల!" నీలిమ మళ్లీ మళ్లీ లింకు నొక్కింది. పదకొండూ ఇరవై ఐదుకు ఫోన్లో ఈమెయిల్ వచ్చింది. అభ్యర్థి హాజరు కాలేదు, లింకు మూసివేస్తున్నాం అని.

నీలిమ యువరాజ్‌కు ఫోన్ చేసింది. ఆయన చెప్పినట్టు ఫైర్‌వాల్ తెరిచి, ఆపేసిన వాటి జాబితా చూసింది. పదకొండు ఉన్నాయి.

"గడియారమమ్మా! టైము సరిచూసుకునేదాన్ని ఆపేసినావు. ప్రింటర్‌ను ఆపేసినావు. నువ్వు కొనుక్కొచ్చిన యాంటీవైరస్‌నే ఆపేసినావు, దానికి నాలుగు రోజులుగా అప్‌డేట్ లేదు!" ఏడుపులోంచే ఒక నవ్వు వచ్చింది ఆమెకు.

"అనుమానం వస్తే ఎర్రది నొక్కమని నువ్వే గదమ్మా అన్నావు."

"అవును. నేనే అన్నా. తప్పు నాదే." నీలిమ ఇంకా కిందికి చూసింది. నవ్వు పోయింది. "ఇది నిన్నటిది. నాలుగూ పదికి. ఇంటర్వ్యూకి వాడే వీడియో యాప్ ఇదే అని నీకు చెప్పి, ఎక్కేదాకా సూస్తా ఉండమని గదిలోకి పోయినా. ఈ కెమెరా బొమ్మ నీకు తెలీదా? రోజూ టీ ఇచ్చేటప్పుడు నా లాప్‌టాప్‌లో సూస్తావు గదా?"

"నాకేం తెలుసుమా. ఏడో తరగతి చదివినదాన్ని."

"చదువు మాట ఏల? నా మొగం సూసి చెప్పు."

రాజేశ్వరి చేతిలోని చీపురు పుల్లలు సర్దుతూ ఉండిపోయింది.

నీలిమ అరవలేదు. అరిచినా బాగుండేది. "నాయన కాడికి పోనీకుండా గేటు కాడ ఆపినారని నాలుగేండ్లుగా ఏడస్తాండావు," అంది మెల్లగా. "నన్ను ఈడ ఆపింది నువ్వేనమ్మా."

గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ పూటకు సెలవు పెట్టినట్టుంది. ఇంగ్లీషు లేదు, నవ్వు లేదు, 'హలో, వినిపిస్తోందా' లేదు. పన్నెండయింది, ఒంటిగంటయింది. రాజేశ్వరి అన్నం వండింది. గిన్నె దించిన చప్పుడుకు తనే ఉలిక్కిపడింది. నీలిమ బెంగళూరికి పోతే ఇల్లు ఎలా ఉంటుందని ఆమె ఇన్ని రోజులు భయపడిందో, ఇల్లు అచ్చంగా అలాగే ఉంది. కూతురు మాత్రం నాలుగడుగుల దూరంలోనే ఉంది. ఎక్కడికీ పోలేదు.

రాజేశ్వరి వెళ్లి గది తలుపు మీద చెయ్యి వేసింది.

"నీలూ. పది తెలీక నొక్కినా. అదొకటి తెలిసే నొక్కినా."

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. నీలిమ కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"హాస్టల్లో ఏమవుతాదో, బస్సులో ఎవురుంటారో, జరమొస్తే ఎవురు సూస్తారో... అన్నీ అనుకున్నా నీలూ. అవేవీ కాదు. నువ్వు పోతే ఈ ఇంట్లో నా గొంతు నాకే ఇనబడతాది. నువ్వు ఆ గదిలో మాట్లాడతాంటే ఎవురో ఒకరు ఉండారనిపిస్తాది."

"అది మాట్లాడేదా అమ్మా?" అంది నీలిమ. "అదంతా బిల్లులు, నంబర్లు. పొద్దస్తమానం ఎవురికో నంబర్లు చెప్తాంటా. నాతో ఎవురు మాట్లాడతాండారు? నాలుగేండ్లుగా ఒక స్నేహితురాలు ఈ గుమ్మం తొక్కిందా? నువ్వు బయట కూర్చోని నా గొంతు ఇంటాండావు. నేను లోపల కూర్చోని ఎవురి గొంతు ఇనాల?"

తనకు తోడుగా వినిపించిన గొంతు అంత ఒంటరిదని రాజేశ్వరికి ఒక్కనాడూ తోచలేదు. కూతురి తలను భుజానికి ఆనించుకుంది. ఇద్దరూ గుమ్మంలోనే కూలబడి ఏడ్చారు.

కాసేపటికి రాజేశ్వరి కొంగుతో మొహం తుడుచుకుని, "ఆ కంపెనీ వాళ్లకు ఫోన్ చెయ్. నేను మాట్లాడతా," అంది.

"నెట్ పోయిందని చెప్తాలేమ్మా."

"అబద్ధం వద్దు. నేను చేసింది నేనే చెప్తా."

ఆ కంపెనీలో ఇంటర్వ్యూలు ఏర్పాటు చేసే చాందిని కన్నడం కలిసిన తెలుగులో పలికింది. రాజేశ్వరి ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, ఎదురుగా మనిషి ఉన్నట్టు నిలబడి చెప్పింది. "అమ్మా, నేను నీలిమ వాళ్లమ్మను. నా బిడ్డ పదకొండుకు ముందే కూర్చోనింది. మీ దాన్ని రానీకుండా ఆపింది నేను. పోతాదేమోనని భయపడి ఎర్రది నొక్కినా. నా తప్పుకు దాన్ని తీసేయొద్దు."

"మేడమ్, అందరూ కరెంటు పోయిందనో నెట్ పోయిందనో చెప్తారు. ఇలాంటిది ఎవరూ చెప్పలేదు," అంది చాందిని. "మా మేనేజర్‌ని అడుగుతాను. మాట ఇవ్వలేను."

సాయంత్రం నాలుగింటికి మెసేజ్ వచ్చింది. రేపు మూడింటికి, ఇంకొక్క అవకాశం.

ఆ విడి ఫైర్‌వాల్‌ను నీలిమ తీసేసింది. విండోస్‌లో ఉన్నది చాలంది. రాజేశ్వరి కాదనలేదు.

శుక్రవారం మూడింటికి ముందే రాజేశ్వరి బయటికి వచ్చి వీధి మెట్టు మీద కూర్చుంది. తను లోపల ఉంటే బిడ్డకు బెదురని. తెరిచిన కిటికీలోంచి గంటసేపు నీలిమ గొంతు వినిపించింది. మొదట వణికింది, తర్వాత కుదురుకుంది. ఒకచోట నవ్వింది కూడా. తర్వాత అవతలి నుంచి ఒక మగ గొంతు ఏదో అడిగింది. ఆ ప్రశ్నలో రాజేశ్వరికి రెండే మాటలు అందాయి. బెంగళూరు. ఎప్పుడు.

లోపల చప్పుడు లేదు.

ఒక్క క్షణం, రెండు క్షణాలు. నీలిమ జవాబు చెప్పడం లేదు. ఆ మౌనం ఎవరి కోసమో తల్లికి తెలిసింది. గబుక్కున లేచి కిటికీ ఊచలు పట్టుకుంది.

"ఒకటో తేదీకంతా వచ్చేస్తానని చెప్పుమా! నేనే తోలుకొచ్చి దిగబెడతానని చెప్పు!"

కంప్యూటర్‌లోంచి ఎవరో నవ్వారు. "వినిపించింది మేడమ్," అంది చాందిని గొంతు. నీలిమ వెనక్కి తిరిగి చూసింది. ఏడుస్తోందో నవ్వుతోందో, రెండూనో. మళ్లీ తెర వైపు తిరిగి గడగడా ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టింది.

రాజేశ్వరికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏడుపు లోపలికి వినబడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ మాటలు అయిపోయేదాకా మెట్టు మీదే కూర్చుండిపోయింది.